నోట్లో బాతుతో వచ్చిన కుక్కపిల్ల

అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి కుక్కలకు తర్ఫీదు ఇస్తూ బతికినవాణ్ణి. మొదట సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద తిరిగాను. మోకాళ్ళు ఒప్పుకోక ఈమధ్యే మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, "నాలుగు సూత్రాలు చెప్పండి మాస్టారూ" అంటారు. సూత్రాలు వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. ఫోన్లలో చూసి కంఠతా పట్టేశారు.

నేను చెప్పగలిగింది వేరే ఉంది. సూత్రం తెలిసి, పదిమందికి చెప్పి, సరిగ్గా అది అక్కరకొచ్చిన నిమిషంలో దానికి ఎదురు మాట నా నోటి నుంచే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. తెలియకపోయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివినవాళ్ళకైనా అర్థమవుతుందేమో.

సుబేదారు గారి లుంగీ

నాకు పని నేర్పింది పటాలంలో కుక్కల దళంలో చేసి వచ్చిన ఒక సుబేదారు గారు. నేను ఇంటర్ తప్పి, ఆయన దగ్గర కుక్కల గదులు కడగడానికి చేరాను. ఆయనకు కుక్కల మీద తప్ప లోకంలో అందరి మీదా కోపమే.

ఒకరోజు వాన వెలిశాక, తీగ మీద ఆరేసిన ఆయన తెల్ల లుంగీని ఒక లాబ్రడార్ పిల్ల లాగేసింది. బురదలో ఈడ్చుకుంటూ ఊరేగిస్తోంది. నేను కర్ర తీసుకుని పరుగెత్తాను. ఆయన ఒక్క కేకతో నన్ను ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపారు. పిల్ల తోకాడించుకుంటూ వెళ్ళి లుంగీని ఆయన చేతుల్లో పెట్టింది.

"శభాష్ బేటా, శభాష్" అని దాని చెవుల వెనక గోకారు. తర్వాత లేచి నా వైపు తిరిగారు.

"లుంగీని దానికి అందేలా ఆరేసిందెవడ్రా?"

"నేనేనండి."

"మరి కర్ర దానికెందుకు? ఇలా తే."

ఆ రోజు నేను పరుగెత్తిన పరుగు ఇప్పటికీ గుర్తే.

లాబ్రడార్ వేట కోసం తయారైన జాతి. తుపాకీ దెబ్బకు నీళ్ళలో పడిన పక్షిని ఈదుకుంటూ వెళ్ళి, పంటిగాటు పడకుండా పట్టుకొచ్చి యజమాని చేతిలో పెట్టడం దాని పని. మన కోనసీమలో తుపాకీ లేదు, వేట నేరం. ఆ సంగతి కుక్కపిల్లకు ఎవరూ చెప్పలేదు. కాలిచెప్పో, కొబ్బరిడొక్కో, ఆరేసిన బట్టో, దొరికినదాన్ని నోట కరుచుకుని మనిషి దగ్గరకు తేవాలనే ఉంటుంది దానికి.

"ఏం తెచ్చినా ముందు మెచ్చుకో, తర్వాత తీసుకో" అనేవారు సుబేదారు గారు. తెచ్చినప్పుడు కొడితే, లుంగీ ముట్టకూడదని దానికి అర్థం కాదు. ఈ మనిషి దగ్గరకు వెళ్తే దెబ్బ తగులుతుందని అర్థమవుతుంది. వేటకుక్క పిల్లకు ఇంతకన్నా పెద్ద చెరుపు లేదు. ఈ మాట నేను ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు.

వీర్రాజు గారి కోరిక

వీర్రాజు గారిది అల్లవరం దగ్గర కాలవ గట్టు మీద ఇల్లు. కువైట్‌లో ఒక ఇంట్లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి, ఇక చాలని వచ్చేశారు. కుక్కను పెంచడం అదే మొదటిసారి. నేను వెళ్ళేసరికి గోధుమరంగు పిల్లను తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"పేరేం పెట్టారండి?"

"హబీబీ అండి. కువైట్లో ముద్దుగా అలాగే పిలుస్తారండి."

టీ తెస్తున్న ఆయన భార్య కుమారి గారు నవ్వారు. "నాకు నోరు తిరగట్లేదండి. బుజ్జిముండా అంటే వచ్చేత్తంది."

కాపలాకా, ముద్దుకా అని అడిగాను. ఎవరినైనా నేను మొదట అడిగేది అదే.

"కాపలా ఏటండి! దొంగొత్తే ఆడి చెప్పులు ఇదే మోసుకెళ్ళేలా ఉంది" అన్నారాయన. అని, లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించారు. "కూచోమంటే కూచోపోయినా పర్లేదండి మాస్టారూ. నేను పిలిత్తే రావాలి. ఈ ఇంట్లో నేను పిలిత్తే వచ్చే ప్రాణి ఒకటుండాలండి."

నాకు అర్థం కాలేదు. కాసేపటికి ఆయన, "అమ్మా లావణ్యా, మాస్టారికి మంచినీళ్ళు" అని పిలిచారు. లావణ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంటర్ చదువుతోంది. గదిలోంచి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మంచినీళ్ళు కుమారి గారే తెచ్చారు. వీర్రాజు గారు కుక్కపిల్ల చెవులు సవరిస్తూ కూర్చున్నారు.

ఒక్క మాట

పేరును హబీ అని పొట్టి చేశాం. రమ్మనడానికి ఇంటిల్లిపాదీ ఒకటే మాట వాడాలన్నాను. "దా." అంతే. ఆయనకు అది కష్టమైంది. "హబీ, దా నాన్నా, రండి, ఇలా రండి" అనేవారు.

"కుక్కకి కూడా అండీ ఏటండి?" అన్నాను.

"ఏం చెయ్యనండి, కువైట్లో మా యజమాని కుక్కని కారులో తిప్పినన్నాళ్ళూ దాన్ని అలాగే అనేవాణ్ణండి. నాకన్నా దానికే హోదా ఎక్కువండి."

కొత్తగా కుక్కను తెచ్చుకున్నవాళ్ళకు నేను మొదటి నెలల్లో నేర్పేది కొంచెమే. తిండి యజమాని చేత్తోనే పెట్టాలి. అది వస్తుందని నమ్మకం ఉన్నప్పుడే పిలవాలి. స్నానానికి, మందుకు, గొలుసు వెయ్యడానికి పిలవకూడదు, మనమే దాని దగ్గరకు వెళ్ళాలి. పాత సాక్సులో గుడ్డలు కుక్కి, నడవలో దొర్లించాలి. అటూ ఇటూ గోడలే కాబట్టి తిరిగి మన దగ్గరకే తెస్తుంది. తెస్తే లాక్కోకూడదు. అరచేతిలో ఒక ముక్క చూపిస్తే తనే వదులుతుంది. దాని వెంట పరుగెత్తామా, అది ఆటనుకుంటుంది, ఇక జన్మలో చేతికివ్వదు.

ఇవన్నీ వీర్రాజు గారు చక్కగా చేశారు. చెడగొట్టేది ఊరు. మనవైపు గుమ్మంలోకి వచ్చిన ఏ ప్రాణినీ ఖాళీ నోటితో పంపరు కదా. అందరికన్నా ముందు పక్కింటి మంగాయమ్మ గారు. పెద్దావిడ, బాతులు పెంచి వాటిని కాలవలో వదులుతుంది. జంతిక ముక్కో, ఆత్రేయపురం నుంచి చుట్టాలు తెచ్చిన పూతరేకు ముక్కో రోజూ హబీ నోట్లో పడాల్సిందే. పెట్టొద్దంటే, "మీ మాస్టారు దాన్ని ఉపాసం చంపేత్తన్నాడు" అనేది నాకు వినపడేలా.

అయినా కాలవకు నీళ్ళు వదిలేనాటికి, వీర్రాజు గారు "హబీ, దా" అంటే ఆ పిల్ల కొబ్బరితోట చివర్నుంచి చెవులు ఎగిరిపడేలా వచ్చేది. ప్రతిసారీ ఆయన మొహం చూడాలి. నమ్మలేనట్టు చూసేవారు.

బాతుపిల్ల

ఒక ఉదయం నేను అక్కడే ఉన్నాను. కాలవలో దబ్బుమని చప్పుడైంది. చూస్తే హబీ ఈదుకుంటూ వస్తోంది. అంత నీళ్ళలోకి దిగడం దానికి అదే మొదటిసారి. నోట్లో పసుపుపచ్చగా ఏదో ఉంది. పక్క రేవులో మంగాయమ్మ గారు చెంబు వదిలేసి, "ఓరి నాయనో, నా బాతుపిల్ల!" అని కేక పెట్టి గట్టెక్కి ఇటే వస్తోంది.

వీర్రాజు గారు కంగారుపడినా నేర్పింది మరిచిపోలేదు. కూర్చుని చేతులు చాపి, "హబీ, దా" అన్నారు. పిల్ల నేరుగా వచ్చింది. అటూ ఇటూ చూడలేదు. నీళ్ళు కారుతూ, తోక ఊపుతూ, బాతుపిల్లను ఆయన అరచేతుల్లో పెట్టింది. బాతుపిల్లకు గీత కూడా పడలేదు, కీచుమని అరుస్తోంది. అంత చక్కగా తెచ్చిచ్చిన కుక్కపిల్లను నేను నా పనిలో బహు అరుదుగా చూశాను.

అప్పటికి మంగాయమ్మ గారు గుమ్మంలోకి వచ్చేసింది. వీర్రాజు గారు నా మొహంలోకి చూశారు.

మనవైపు ఒక మర్యాద ఉంది. పొరుగువాళ్ళు ఫిర్యాదుతో వస్తే, వాళ్ళు నోరు తెరవకముందే మన పిల్లవాణ్ణి మనమే రెండు అంటించాలి. అప్పుడు వాళ్ళే అడ్డుపడి, "అయ్యో పసివాడు, వదిలెయ్యండి" అంటారు. గొడవ అక్కడితో సరి. దెబ్బ పిల్లాడికి, గౌరవం పొరుగువారికి. నేనూ అలా దెబ్బలు తిని పెరిగినవాణ్ణే.

"ఒకటి అంటించండి వీర్రాజు గారూ. పెద్దావిడ చూస్తున్నారు" అన్నాను.

సుబేదారు గారి శిష్యుణ్ణి, నేనే అన్నాను.

ఆయన కొట్టారు. గట్టిగా కాదు, చేత్తో ఒకటి. పిల్ల కుయ్యిమనలేదు. ఆయన చేతిని చూసింది, ఆయన మొహం చూసింది. వెనక్కి వెనక్కి నడిచి కొబ్బరికాయల రాశి వెనక్కి వెళ్ళిపోయింది.

"అయ్యో ఊరుకో అబ్బాయ్, నోరులేని జీవం. బాతుపిల్ల బానే ఉందిగా" అంది మంగాయమ్మ గారు, మర్యాద ప్రకారం. కుమారి గారు టీ ఇస్తే తాగి వెళ్ళింది. నేను కూడా, పొరుగు తగవు పెరక్కుండా భలే సర్దాననుకుంటూ స్కూటర్ ఎక్కాను.

రావట్లేదండి

తర్వాత వీర్రాజు గారు ఫోన్ చేశారు. "పిలిత్తే రావట్లేదండి. దూరంగా నిలబడి చూత్తంది. కుమారి దగ్గరికి వెళ్తంది, నా దగ్గరికి రాదండి."

తిండి తగ్గించి చూడమన్నాను. తర్వాత, పొడుగు తాడు కట్టి పిలుస్తూ మెల్లగా లాగమన్నాను. కారణం నాకు తెలుసు. తెలిసే ఇవన్నీ చెప్పాను. తాడుతో ఇంకా చెడింది. తాడు చూడగానే మంచం కిందకు దూరేది.

మంచం కింద అని ఆయన అనగానే నాకు ఇంకొక కుక్కపిల్ల గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక రొయ్యల చెరువు ఆసామి, పిట్టలను తోలే టపాకాయలకు బెదరని కుక్క కావాలన్నాడు. ఆయన తొందరపెడితే, పిల్లను గట్టు మీద కట్టేసి దగ్గర్లోనే టపాకాయ పేల్చాను. అలవాటు కావడమంటే అదే అనుకున్నాను. చప్పుడుకు అలవాటు చెయ్యాలంటే, అది తింటున్నప్పుడు దూరంగా పళ్ళెం మీద మెల్లగా తట్టాలి. ఎన్నో రోజుల మీద దగ్గరకు రావాలి. తట్టినప్పుడు తినడం ఆపితే మనం తొందరపడ్డట్టే. ఆ పిల్ల చెరువు గట్టు ఇక ఎక్కలేదు. మెరుపు మెరిసినా మంచం కిందే. అది చచ్చేదాకా అలాగే ఉందని తర్వాత విన్నాను.

మర్నాడే అల్లవరం వెళ్ళాను. వీర్రాజు గారు ఇంట్లో లేరు. కుమారి గారు అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అన్నారు.

"లావణ్యనీ అలాగే కొట్టేరండి ఒకసారి. సెలవుకి వచ్చినప్పుడు. అది మంగాయమ్మగారి పెరట్లో గులాబీ కోసిందని. ఆవిడ ముందే కొట్టేరు. మర్నాడు విమానం ఎక్కేసేరు."

"గులాబీ ఎందుకు కోసిందండి?"

"ఈయనకివ్వడానికేనండి."

వీర్రాజు గారు వచ్చేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను.

వీపు తిప్పి కూర్చోవడం

ఆయన రాగానే చెప్పేశాను. "తప్పు నాదండి. తెచ్చినప్పుడు కొట్టకూడదని తెలిసుండీ నేనే కొట్టమన్నాను."

"చెయ్యి నాదే కదండి" అన్నారాయన.

ఇక పిలవడం మానెయ్యమన్నాను. పేరు కూడా ఎత్తొద్దు. సాయంత్రం రేవు మెట్ల మీద వీపు తిప్పి కూర్చోండి, పక్కన కాసిని మరమరాలు పెట్టుకోండి, అది వచ్చినా చూడకండి అన్నాను.

"ఎన్నాళ్ళండి?"

"తెలీదండి."

ఇన్నేళ్ళలో ఒక యజమానికి ఆ మాట చెప్పడం అదే మొదలు. అంతకు ముందు ఏదో ఒక గడువు చెప్పేసేవాణ్ణి.

ఆయన కూర్చున్నారు. వారానికోసారి వెళ్ళి చూసేవాణ్ణి, మిగతా రోజుల సంగతి ఆయన చెప్పేవారు. ఒకరోజు హబీ మూరెడు దూరంలోకి వచ్చి మరమరాలు తినేది. మరుసటి రోజు తోట చివర్నుంచి కదిలేది కాదు. ఎందుకో తెలియదు. ఆయన చొక్కా మార్చారా, గాలి మారిందా, నేను వచ్చానా అని ఎంత ఆలోచించినా తల తిరగడమే గాని జవాబు దొరకలేదు. ఊరివాళ్ళకు అది వేడుకగా ఉండేది. "ఏటి వీర్రాజూ, కుక్క మీద అలిగేవా?" అని గట్టు మీద వెళ్ళేవాళ్ళు అడిగేవారు. "అదే అలిగిందండి" అనేవారాయన, అటు తిరక్కుండానే.

ఒకరోజు నేను వెళ్ళేసరికి హబీ ఆయన వీపుకు వీపు ఆనించి పడుకుని ఉంది. ఆయన కళ్ళతోనే నాకు సైగ చేశారు, కదలొద్దని. కానీ అది నోటితో ఏమీ తేవడం లేదు. సాక్సు విసిరితే, అది పడిన చోటు చూసి, మొహం తిప్పుకునేది. ఆ పని దానిలో చచ్చిపోయిందనే అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

మళ్ళీ బాతు

కొబ్బరి దింపులు జరుగుతున్న రోజులు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. అవతలి గట్టు మీద రెక్కల చప్పుడు వినిపించింది. ఈసారి పిల్ల కాదు, నిండు బాతు. నాటి బాతుపిల్లే పెరిగిందో, వేరేదో నాకు తెలియదు. హబీ కూడా పెరిగింది. బాతును నడుం దగ్గర పట్టుకుని, తల ఎత్తి, మావైపు చూస్తూ నిలబడింది.

మంగాయమ్మ గారు కర్రతో వచ్చేసింది. "పట్టుకో అబ్బాయ్! నా బాతుని చంపేత్తంది!"

మేం ఇక్కడ అరిస్తే అది బెదిరి పళ్ళు బిగించవచ్చు, బాతు చచ్చిపోతుంది. ఎవరైనా వెంట దిగితే అవతల చేలల్లోకి పోతుంది. నాకు ఇవన్నీ తెలుసు. నోరు తెరవబోయాను. ఈ నోటి నుంచి కిందటిసారి ఏం వచ్చిందో గుర్తొచ్చి మూసుకున్నాను.

వీర్రాజు గారు మెట్టు మీద కూర్చుని, కాలవకు వీపు తిప్పారు.

"అదేట్రా! నా బాతు పోతంటే వీపు తిప్పుకు కూచున్నావేటి?"

ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టి, అరచేతులు పైకి తిప్పారు. హబీ నీళ్ళలోకి దిగింది. సగంలో ఆగి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. వెనక్కి పోతుందనుకున్నాను. మళ్ళీ ఇటు వచ్చింది. మెట్లెక్కి, ఆయన వెనక చాలాసేపు నిలబడింది. దాని ఒంటి నీళ్ళు ఆయన చొక్కా మీద పడుతున్నాయి. తర్వాత చుట్టూ తిరిగి ముందుకొచ్చి బాతును ఆయన చేతుల్లో పెట్టింది. బాతు బతికే ఉంది. ఉందని తెలిసేలా ఆయన బొటనవేలు పట్టుకుని పొడిచింది.

"శభాష్ నాన్నా" అన్నారు వీర్రాజు గారు. "శభాష్, మా అయ్యే."

మంగాయమ్మ గారు దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడింది. అడ్డుపడి "అయ్యో, నోరులేని జీవం" అనడానికి ఆవిడా సిద్ధంగానే ఉందేమో. దెబ్బ పడలేదు.

"కొట్టవేంరా?"

"కొట్టనండి పిన్నిగారూ. మీ బాతు మీకిచ్చేత్తాను. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. దీన్ని మాత్రం కొట్టను. తెచ్చి చేతికిచ్చిందండి ఇది."

"నీ గుమ్మంలోకి వచ్చిన నాకు మర్యాద లేకుండా పోయింది! కుక్క ఎక్కువైపోయింది, మేం తక్కువైపోయేం!"

ఆయన తల వంచుకుని బాతు తడి రెక్కలు సవరిస్తూ ఉండిపోయారు. ఒక చెయ్యి హబీ మెడ మీద ఉంది. వెనక వాకిట్లో తలుపు చప్పుడైంది. లావణ్య ఎప్పటినుంచి నిలబడి ఉందో మాలో ఎవరికీ తెలియదు. మెట్లు దిగి వచ్చి చేతులు చాపింది.

"ఇటివ్వు నాన్నా."

ఆయన అందించారు. లావణ్య బాతును చంకలో పెట్టుకుని, "ఇదిగో మామ్మా, దీనికేం కాలేదు, చూడు. పద, నేను తెచ్చిత్తాను" అని ముందుకు నడిచింది. ఆయన కూతుర్ని పిలవలేదు. నేను అక్కడే ఉండి చూశాను, ఆయన పిలవలేదు. బాతు కోసం వచ్చిందో, కుక్క కోసం వచ్చిందో, గులాబీ సంగతి గుర్తొచ్చి వచ్చిందో నాకు తెలియదు. వీర్రాజు గారు మాత్రం, అందించినప్పుడు చాపిన చేతులు అలాగే చాపి ఉంచారు, కాసేపటిదాకా. హబీ వాటిని నాకుతోంది.

మంగాయమ్మ గారు రెండడుగులు వేసి, ఇంకా కోపం చల్లారక నా మీదికి తిరిగింది.

"మీరేం మాస్టారండీ? కుక్క మీ కళ్ళముందే బాతుని పట్టుకొత్తే, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు అలా నిలబడ్డారేటి?"

"ఆయ్, అవునండి" అన్నాను.